దాచి చదివే చదువు

వకీలమ్మ జవాబులు

ప్రశ్న: మేడమ్, నాకు 27 ఏళ్ళు. బీకాం చేశాను. మాది చంద్రగిరి. తిరుపతి గాంధీ రోడ్డులో ఒక చీరల షాపులో బిల్లింగ్ కౌంటర్‌లో పని. ఉదయం పదింటికి కూర్చుంటే రాత్రి తొమ్మిదింటికి లేస్తాను. మా అమ్మకు పుట్టింటి భూమిలో వాటా గురించి కేసు నడుస్తోంది. వాయిదాలకు అమ్మ వెంట చిత్తూరు కోర్టుకు తిరిగీ తిరిగీ నాకూ లా చదవాలన్న పట్టుదల వచ్చింది. మూడేళ్ళ ఎల్‌ఎల్‌బీ కోసం ఈసారి లా ప్రవేశ పరీక్ష లాసెట్‌కు అప్లై చేశాను. ఇంకా తొమ్మిది వారాలుంది.

సమస్య ఏమిటంటే, మా మేనత్త కొడుకుతో నాకు పెళ్ళి కుదిరింది. శ్రావణంలో ముహూర్తం. వాళ్ళది పుత్తూరు. బావ శ్రీపెరుంబుదూరులో ఒక ఫ్యాక్టరీలో చేస్తాడు. రోజూ రాత్రి పదింటికి ఫోన్ చేస్తాడు. లాసెట్ సంగతి ఆయనకు చెప్పలేదు. తలనొప్పిగా ఉంది, నిద్రొస్తోంది అని చెప్పి ఫోన్ పెట్టేసి చదువుకుంటున్నాను. మొన్న రాత్రి పదకొండున్నరకు మోడల్ పేపర్ల కోసం వాట్సాప్ గ్రూపు చూస్తుంటే, నేను ఆన్‌లైన్‌లో ఉన్నట్టు ఆయనకు కనబడింది. "ఎవరితో మాట్లాడుతున్నావ్?" అన్నాడు. రెండు రోజులుగా ఫోన్ లేదు. అత్తకు తెలిస్తే ఏమంటుందోనని ఇంకో భయం. చదివింది తలకెక్కడం లేదు, ఒకటే టెన్షన్. ఈ ఏడు మానేసి పెళ్ళయ్యాక రాయమంటారా? ఎలాగోలా దాచి రాసేయనా?
— ఒక సోదరి, చంద్రగిరి

జవాబు: నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మా చిన్నమ్మాయికీ ఇంచుమించు నీ వయసే కాబట్టి "మీరు" అనడం నా వల్ల కావడం లేదు, ఏమనుకోకు.

రెండోసారి చదివేటప్పుడు ఒక పెన్సిల్ పట్టుకున్నాను, దావా కాగితాలు చదివే అలవాటు కొద్దీ. బావ వద్దన్నట్టు ఎక్కడైనా రాశావేమో అని వెతికాను. లేదు. అత్త వద్దన్నట్టు? అదీ లేదు. "ఏమంటుందో" అని మాత్రం ఉంది. అంటే ఇంకా ఎవరూ వేయని కేసుకు నువ్వు రెండు నెలలుగా జవాబు దాఖలు చేస్తూ కూర్చున్నావు.

నిన్ను తప్పుపట్టే అర్హత నాకు లేదులే. ఇదే పని నేనూ చేశాను.

2004లో నాకు 33 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. తిరుపతి బస్టాండు వెనక ఒక లాడ్జిలో మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా కౌంటర్‌లో ఉండేదాన్ని. మా ఆయన ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్. పదింటికి స్కూటర్ మీద వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళేవాడు. రూముల రిజిస్టర్ కింద రాజ్యాంగం పుస్తకం పెట్టుకుని చదివేదాన్ని. కొండ దిగి గుండ్లతో వచ్చిన వాళ్ళు "బకెట్ వేణ్ణీళ్ళు" అనగానే రిజిస్టర్ లాగి దాని మీద కప్పేయడం.

గోడకు వరసగా తాళంచెవులు వేలాడేవి, ఒక్కోదానికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. ఆర్టికల్స్ నాకు వచ్చింది ఆ బిళ్ళలతోనే. 14 తాళం ఇస్తూ సమానత్వం అనుకునేదాన్ని. 17, అంటరానితనం రద్దు. 19, మాట్లాడే హక్కు, తిరిగే హక్కు. ఆ గదికి ఎప్పుడూ గోల చేసే బ్యాచ్‌లే వచ్చేవి. 21, ప్రాణం, స్వేచ్ఛ. 32, నేరుగా సుప్రీంకోర్టు తలుపు. 24 దగ్గర మాత్రం ఆగిపోయేదాన్ని. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఫ్యాక్టరీలో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదని ఆ ఆర్టికల్. ఆ గదికి టీ మోసుకొచ్చే పిల్లాడికి పన్నెండేళ్ళుంటాయి. టీ మోయడం ఫ్యాక్టరీ కాదు, గనీ కాదు. చట్టంలో ఒక్కో మాటను పట్టుకుని చదవాలని నాకు మొదట తెలిసింది ఆ పిల్లాడి వల్ల. హోటళ్ళు, ధాబాల్లో పిల్లల పనిని నిషేధించింది 2006 అక్టోబరులో. అప్పటికి వాడికి మీసాలు వచ్చుంటాయి. మా లాడ్జిలో 44 గదులే ఉండేవి కాబట్టి రిట్లు, అంటే హక్కుల కోసం ఆదేశాలు, ఇచ్చే అధికారం హైకోర్టుకు ఉందనే ఆర్టికల్ 226 మాత్రం చాలా రోజులు నోటికి రాలేదు.

సరే, అసలు సంగతి. హాల్ టికెట్ పోస్టులో వచ్చింది. పోస్ట్‌మన్ దాన్ని మా ఆయన చేతికే ఇచ్చాడు. ఆ రాత్రి నేను సంగటి ముద్ద పెట్టుకుని కూర్చుంటే తట్ట పక్కన ఆ కవరు పెట్టి లేచి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు మాటల్లేవు. ఐదో రోజు లీలామహల్ సర్కిల్ దగ్గర స్కూటర్ ఆపి, వెనక్కి తిరక్కుండానే అడిగాడు, "వద్దనే మనిషిలా కనబడ్డానా నీకు?" అని. నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్ళి ఆలోచిస్తే తెలిసింది. ఆయన వద్దంటాడని కాదు నేను దాచింది. పరీక్ష తప్పితే ఎవరికీ తెలియకూడదని దాచాను. ముప్పై మూడేళ్ళదానికి ఇప్పుడు లా ఏంటని చుట్టాలు నవ్వుతారని. ఆయన మీద పెట్టిన భయం నాదే.

నీదీ అదేనేమో ఒకసారి చూసుకో. కాదంటే సరే, నేనే పొరబడ్డానని అనుకుంటాను.

చదివింది తలకెక్కడం లేదన్నావు. ఎలా ఎక్కుతుంది? పదకొండు గంటలు కౌంటర్‌లో కూర్చుని, బస్సెక్కి ఇంటికొచ్చి, పదింటికి ఒక అబద్ధం చెప్పి, ఆ అబద్ధం బయటపడుతుందేమోనని ఒక చెవి ఫోన్ మీద పెట్టి చదివితే ఎవరికైనా ఎక్కదు. రాత్రి చదువు మానెయ్. పదింటికి ఆయనతో అరగంట మాట్లాడు, నిజాలు మాట్లాడు, పదిన్నరకు పడుకో. ఐదింటికి లేచి ఆరూముప్పావు దాకా చదువు. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వచ్చేసరికి నీ పని అయిపోవాలి. చంద్రగిరి నుంచి తిరుపతికి బస్సులో కూర్చునే సమయం కరెంట్ అఫైర్స్‌కు చాలు. ఇప్పుడు ఆడవాళ్ళ ఉచిత బస్సు పథకం స్త్రీశక్తి కింద ఆధార్ చూపిస్తే టికెట్ డబ్బులు కూడా లేవు. మిగిలిన ఆ డబ్బుతో రోజూ ఒక తెలుగు పేపరు కొనుక్కో. ఈ తొమ్మిది వారాల్లో గంగ జాతర వారం పడితే దాన్ని ముందే లెక్కలోంచి తీసేయ్. ఇంటినిండా చుట్టాలుంటే, అంబలి కాస్తూ ఎవరూ చదవలేరు. తర్వాత బాధపడటం కంటే ముందే ఎనిమిది అనుకో.

పరీక్ష సంగతి నీకు తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. తొంభై నిమిషాలు, 120 ప్రశ్నలు. ఒక్కోదానికి ముప్పావు నిమిషం. జీకే, మెంటల్ ఎబిలిటీ కలిపి 30, కరెంట్ అఫైర్స్ 30, మిగతా 60 లా ఆప్టిట్యూడ్. సగం మార్కులు ఆ చివరి భాగంలోనే ఉన్నాయి కాబట్టి పొద్దుటి గంటముప్పావు దానికే ఇవ్వు. మైనస్ మార్కులు లేవు. ఒక్కటి కూడా ఖాళీ వదలకు, తెలియకపోతే ఏదో ఒకటి పెట్టు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు చాలు. ఎస్సీ, ఎస్టీ వాళ్ళకు ఆ కనీస మార్కు కూడా లేదు. అయితే 42తో తిరుపతిలో సీటు వస్తుందని కూర్చోకు.

సెకండ్ హ్యాండ్ పుస్తకం కొంటే ముందు లోపల శిక్షాస్మృతి అధ్యాయం తెరిచి చూడు. హత్యకు 302, మోసానికి 420 అని మాత్రమే ఉంటే దుకాణం అతనికి తిరిగి ఇచ్చెయ్. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష 103లో, మోసం 318లో ఉన్నాయి. 511 సెక్షన్ల పాత చట్టం స్థానంలో ఇప్పుడు 358. మా కోర్టులో పాతికేళ్ళ సీనియర్లు కూడా ఇంకా నోరుజారి 420 అనేస్తున్నారు. ఈ ఒక్క విషయంలో కొత్తగా నేర్చుకునే నువ్వే నయం.

కాంట్రాక్టు చట్టానికైతే నీకు వేరే పుస్తకం దండగ. నువ్వు కూర్చునేదే దాని మధ్య. బొమ్మకు కట్టిన చీర మీద ధర చీటీ ఉంటుంది కదా. అది చూసి ఒకావిడ "ఇదిగో డబ్బు, ఇచ్చి తీరాలి" అంటే షాపు ఇచ్చి తీరాలా? అక్కర్లేదు. ఆ చీటీ ప్రతిపాదన కాదు, ప్రతిపాదన చెయ్యమని ఆహ్వానం. ఆవిడ చీర తెచ్చి నీ కౌంటర్ మీద పెట్టడం ప్రతిపాదన. నువ్వు బిల్లు కొట్టడం అంగీకారం. ఆవిడ ఇచ్చే డబ్బు ప్రతిఫలం. పదహారేళ్ళ పిల్ల వచ్చి అప్పు పెట్టి చీర తీసుకుపోతే ఆ ఒప్పందం చెల్లదు. 1872 నాటి చట్టం, మీ గాంధీ రోడ్డులో రోజుకు వందసార్లు నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటప్పుడు బేరాలు తగ్గాక ఒక్కో బిల్లునూ ఇలా విడదీసి చూడు. పరీక్ష హాల్లో నీకు షాపే కనబడుతుంది.

ఇప్పుడు నువ్వు అడగని ప్రశ్నకు వస్తాను. నాకు కోపం వచ్చిందీ ఇక్కడే. నువ్వు తొమ్మిది వారాల గురించి ఇంత పెద్ద ఉత్తరం రాశావు. తర్వాతి మూడేళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. లా దూరవిద్యలో చదివే చదువు కాదు. రెగ్యులర్ కాలేజీ, బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం 70 శాతం హాజరు. పదింటికి షాపులో ఉండే మనిషి క్లాసులో ఎలా ఉంటుంది? పెళ్ళయ్యాక నువ్వు శ్రీపెరుంబుదూరులో కాపురం పెడితే తిరుపతి క్లాసుకు ఎవరు వస్తారు? లాసెట్ నువ్వు దాచి రాసేయగలవు. సీటు వచ్చాక కాలేజీని ఎక్కడ దాస్తావు?

అందుకని బావతో మాట్లాడాల్సింది పరీక్ష గురించి కాదు. పరీక్షకు ఆయన అనుమతి అక్కర్లేదు, అప్లై చేసేశావు. మాట్లాడాల్సింది మూడేళ్ళ గురించి. ఎక్కడుంటాం? ఆయన వారానికోసారి వస్తాడా? నువ్వు పుత్తూరులో అత్త దగ్గరుండి తిరుపతికి తిరుగుతావా? షాపులో మధ్యాహ్నం షిఫ్టు అడుగుతావా, మానేస్తావా? మానేస్తే నీ జీతం లేకుండా ఇల్లు గడుస్తుందా? పిల్లలు ఎప్పుడు? ఈ చివరిది అత్త అడగక ముందే మీరిద్దరూ ఒక మాట అనుకోండి. మా రెండోది పుట్టాక నేను లా మొదలుపెట్టాను కాబట్టి సరిపోయింది. నాతో చదివిన ఒకామె రెండో సంవత్సరంలో నెలలు నిండి హాజరు చాలక ఏడాది పోగొట్టుకుంది.

ఇదంతా ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. నీ వారపు సెలవు రోజున ఆయన్ను రమ్మను. రేణిగుంట దాకా రైల్లో వస్తాడు, అక్కణ్ణుంచి గంట పని. అప్లికేషన్ ప్రింట్, నోట్సు పుస్తకం చేతిలో పట్టుకెళ్ళు. "పదకొండున్నరకు నేను మాట్లాడింది దీంతో" అని ముందు పెట్టు. అబద్ధం చెప్పినందుకు ఒక్కసారి సారీ చెప్పు, చాలు, పదిసార్లు అక్కర్లేదు. తర్వాత మీ నాన్నకు చెప్పు. అత్తకు మీ నాన్నే చెప్తాడు, తోడబుట్టినవాళ్ళ మాట వేరు. ఈ వరస తప్పించకు. అత్తకు ముందు తెలిసి బావకు తర్వాత తెలిసిందంటే మళ్ళీ మొదటికొస్తుంది.

"ఎవరితో మాట్లాడుతున్నావ్" అన్న ప్రశ్న నాకూ నచ్చలేదు. కానీ వరసగా రోజూ తలనొప్పి అన్న మనిషి అర్ధరాత్రి ఆన్‌లైన్‌లో కనబడితే ఆ ప్రశ్న రావడానికి సగం కారణం నువ్వే. నిజం చెప్పాక కూడా ఫోన్ చూపించు, స్క్రీన్‌షాట్ పెట్టు అంటే మాత్రం నాకు ఇంకో ఉత్తరం రాయి. దానికి జవాబు వేరేగా ఉంటుంది.

పెళ్ళయ్యాక రాయమంటారా అంటే, వద్దు. ఈ ఏడే రాయి. జరుగుతున్న చదువుతో అత్తారింట్లో అడుగుపెట్టడం వేరు, అక్కడికెళ్ళి కొత్తగా మొదలుపెడతాననడం వేరు. రెండోది అడగడానికే ఏడాది పడుతుంది.

మీ అమ్మ కేసు కాగితాలు చూడకుండా నేనేమీ చెప్పకూడదు. కానీ లా చదవబోయే పిల్లవు కాబట్టి ఒక హోంవర్కు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ 1986లోనే చట్టం చేశారు, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా. అయితే ఆ తేదీకి ముందే పెళ్ళయిన వాళ్ళను వదిలేశారు. దేశమంతటికీ 2005లో వచ్చింది, పెళ్ళయినా కాకపోయినా. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ అమ్మ పెళ్ళి తేదీ ఏమిటో, తాత ఆస్తి పంపకం కాగితం మీద ఎప్పుడు జరిగిందో అడిగి ఒక చీటీ మీద రాసుకో. వచ్చే వాయిదాకు మీ వకీలు దగ్గర ఆ చీటీ పెట్టి ఒక్క ప్రశ్న అడుగు. ఆయన నిన్ను చూసే చూపు మారుతుంది.

*

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంటెంట్‌ని. 41 ఏళ్ళు. డిగ్రీ దూరవిద్యలో చేశాను. ఉద్యోగం చేసుకుంటూ లా చదివి, సాయంత్రాలు ప్రాక్టీసు పెట్టాలని ఉంది. మా ఆవిడ నవ్వుతోంది. వీలవుతుందా?
— ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: సగం వీలవుతుంది, సగం వీలవదు. మీ వయసుకు లాసెట్‌లో అడ్డు లేదు. ఇంటర్ పాసై, ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసి ఉంటే అదీ చెల్లుతుంది. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్ డిగ్రీ చేసి ఉంటే మాత్రం ఇక్కడే ఆగిపోతారు, సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి చూసుకోండి. జనరల్ వాళ్ళకు డిగ్రీలో 45 శాతం ఉండాలి, ఓబీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40.

వీలవనిది సాయంత్రం ప్రాక్టీసు. పూర్తికాలం జీతం తీసుకునే మనిషి వకీలుగా ప్రాక్టీసు చేయకూడదు. సన్నదు, అంటే వకీలుగా పనిచేసే అనుమతి, కావాలంటే ఆ రోజు ఉద్యోగం వదలాల్సిందే. చదువు రోజుల్లో కూడా, తోతాపురి లారీలు గేటు ముందు బారులు తీరే జూన్, జులైలలో మీకు సెలవిచ్చే యజమాని ఈ జిల్లాలో నాకైతే కనబడలేదు. కాబట్టి ముందు ఇంట్లో లెక్క వేయండి. మూడేళ్ళ చదువు, ఆపైన జూనియర్‌గా ఒకటి రెండేళ్ళు చేతికి పెద్దగా ఏమీ రాదు. ఆ ఐదేళ్ళు ఇల్లు నడిచే దారి ఉంటే దిగండి. మీ ఆవిడ ఎందుకు నవ్విందో కూడా అడగండి. బహుశా ఈ లెక్క ఆవిడ ఎప్పుడో వేసుకుని ఉంటుంది.

*

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్‌కు ప్రిపేర్ అవుతున్నానంటాడు. ఎప్పుడు చూసినా వాళ్ళ క్లాసులోని ఒకమ్మాయితో ఫోన్లోనే ఉంటాడు. ఫోన్ లాక్కోవాలా?
— ఒక తల్లి, పలమనేరు

జవాబు: లాక్కుంటే పక్కింటి పిల్లాడి ఫోన్ తీసుకుంటాడు. ముందు ఆ అమ్మాయి కూడా క్లాట్ రాస్తోందేమో కనుక్కోండి. క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, దాదాపు అన్నీ ఇంగ్లీషు పేరాలు చదివి జవాబివ్వాల్సినవే, తప్పుకు పావు మార్కు పోతుంది. బట్టీ పడితే వచ్చేది కాదు. రోజూ ఒక ఇంగ్లీషు ఎడిటోరియల్ చదివి ఇంకొకరితో వాదించుకునే పిల్లలకే అది అబ్బుతుంది. ఆ ఇద్దరూ అదే పని చేస్తుంటే మీరు లాక్కునేది ఫోన్ కాదు, వాడి చదువు.

వాళ్ళు వేరే మాటలే మాట్లాడుకుంటున్నారంటారా? పదిహేడేళ్ళకు అదీ ఉంటుంది. ఆదివారం పొద్దున రెండు గంటలు హాల్లో మీ ఎదురుగా మోడల్ పేపరు రాయమనండి, ఫోన్ మీ ఒళ్ళో పెట్టుకోండి. నాలుగు ఆదివారాల మార్కులు క్యాలెండర్ మీద రాయండి. అవి పెరుగుతుంటే ఆ అమ్మాయిని ఒకసారి ఇంటికి పిలిచి ఊరిబిండితో దోసెలు పెట్టండి. తగ్గుతుంటే, ఆ క్యాలెండర్ వాడికి చూపించండి. మీరేమీ అనక్కర్లేదు.